ఆరున్నొక్కటి

బాదేపల్లి యార్డుల
పల్లికాయ కుప్పల మీద మంచు ఆరకముందే
బీటు మొదలైతది.
నేను మాత్రం పదింటికి వస్త.
రాత్రి గోలి తెల్లారినా నా రెప్పల మీదనే కూసుంటది,
దాన్ని లేపి పంపేసరికి గంత టైమైతది.
దడ్వాయి మాసన్నకు ఎరుకే.
"పదింటికి రా. కని రా" అన్నడు మొదటి దినం.
గదే నాకు ఆర్డరు.

నా పని లెక్క.
హమాలోళ్లు బస్తా ఎత్తి లారీకి ఎక్కిస్తుంటే
కింద నిలవడి పలుకుడు:
లాభం
రెండు
మూడు
ఈడ ఒకటి అనరు, లాభంతోనే మొదలు.
ఆరు తర్వాత ఏడు అనొద్దు,
ఆరున్నొక్కటి అనాలె.
ఏడంటే ఏడ్వమన్నట్టని.

నాకది ఎవ్వరు నేర్పే పని వడలే.
మూడేండ్లు నా చెవుల కూసున్నోళ్లు
ఆ ఒక్క మాటే అన్నరు.
ఏడు. ఏడు. ఏడు.
బొంబాయిల సెంట్రింగు కాడ మిక్సర్ల నుంచి పలికిండ్రు,
పదకొండో అంతస్తు అంచున పేరు వెట్టి పిలిచిండ్రు.
మేస్త్రి నన్ను రైలెక్కించి
టికెట్ పైసలు నా కూలిల పట్టుకున్నడు.

పాలమూరు పెద్ద దవాఖాన్ల చీటీ మీద
నా పేరు చిన్నది, కుర్మయ్య.
దాని కింద జబ్బు పేరు గూడ్సు బండంత పొడుగు,
స్కిజోఫ్రెనియా.
నోరు తిరగక మా వదినె "నీ కాగితం" అంటది,
"నీ కాగితం గోలీలు ఏసుకున్నవా?"
యార్డు పుస్తకంల నా పేరు పక్కన
ఉత్త అంకెలుంటయి.
నాకా పుస్తకం ఇష్టం.

చేతులు వణుకుతయి.
బస్తా కుట్టే దబ్బనం నాకియ్యరు.
బుగ్గమ్మక్క నాకు ఛాయ సగం గిలాసే పోస్తది,
తాగినంక ఇంకో సగం.
ఎందుకని ఎవ్వరడగరు.

అన్ని దినాలు ఒక్కతీరుగ ఉండయి.
మొన్న ఎండకాలం
లారీ నంబరు నా గురించే రాసిండ్రనిపించి
షెడ్డెనక సంచుల సందుల దాసుకున్న.
మాసన్న వచ్చి పక్కన కూసున్నడు,
పల్లికాయ ఒలుచుకుంట.
ఏం లేదనలే. ఉన్నదనలే.
పొట్టు మాత్రం మస్తు కుప్పైంది.
ఆ దినం కూలి కోసిండు.
పని కొయ్యలే.

ఇప్పుడు గూడ వస్తరు వాళ్లు.
నేను లెక్కవెడుతుంటే ఎనక నుంచి వాళ్లూ పెడతరు,
యాభై దాటినంక తప్పుతరు,
నేనే దిద్దుత.
గింతమందిమి లెక్కవెట్టినా
కూలి నాకొక్కనికే.

నిన్న ఒక కొత్త పోరడు, అచ్చంపేట దిక్కోడు,
బస్తా ఏసి నవ్విండు.
"ఆరున్నొక్కటేందన్నా, ఏడనరాదు?"

తర్వాతి బస్తా అప్పటికే గాల్ల ఉన్నది.
"ఎనిమిది" అన్న.