పన్నెండో గడి

ఫారంలో మొత్తం పన్నెండు గడులు.
సైజు: వాల్‌నట్టా, ఆపిలా, గుమ్మడికాయా?
రంగు. వాసన. చప్పుడు.
ఎంతసేపు ఉంది, సెకన్లలో రాయండి.
పన్నెండోది నాకోసం, సాక్షికి చూపించకూడదు:
మనిషి నమ్మదగినదేనా?

దెబ్రెసెన్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు.
నడవాకి ఈ చివర బోద్నార్ గారు.
బంతిమెరుపు లేదంటారు.
పిడుగు మీద పిడుగు పడుతుంటే
ఆ అయస్కాంతం మెదడు వెనకభాగాన్ని గోకుతుందట,
కన్ను చూడనిదాన్ని బుర్ర చూస్తుందట.
కాదంటే, మెరుపు కంట్లో వదిలివెళ్ళిన మరక.
మరక కదా,
చూపు ఎటు తిరిగితే అటు తేలుతుంది.

ఆ చివర సిల్వాషి మేడమ్.
ఉందంటారు.
పిడుగు తాకిన మట్టిలోంచి సిలికాన్ ఆవిరై లేచి
తీరిగ్గా కాలుతుందంటారు.
అందుకని పగలంతా పలకలకి కరెంటు పెట్టి
వెలుగు గుడ్లు పొదుగుతుంటారు.
ఒక్కటీ నిలిచి నడిచింది లేదు.
ఇద్దరికీ ఒకటే కెటిల్.
నేను ఇద్దరి మధ్యా
బస్సు టిక్కెట్లు దాచుకునే మనిషిని.

కెరెస్తెష్ ఎటెల్కా, ఎనభై ఒకటి,
ఊరికి రొట్టెలు కాల్చిన చేతులు.
సైజు? అడిగాను.
"పిండిముద్ద. పొంగకముందు కాదు, పొంగాక."
రంగు?
"పచ్చసొన. మా కోళ్ళది, కొట్లోది కాదు."
వాసన?
"గీసిన అగ్గిపుల్ల."
ఎంతసేపు?
ఆలోచించింది.
"నా తిట్టు సగంలో ఉండగా వచ్చింది.
మిగతా సగం నేను తిట్టలేదు."
సెకన్లలో చెప్పండి, అన్నాను.
నా వైపు జాలిగా చూసింది.

కిటికీ మూసే ఉందట. అద్దం మీద గీత పడలేదట.
నీళ్ళలోంచి చేప పైకి తేలినట్టు
అద్దంలోంచి తేలి,
పిండితొట్టి మీద కాస్త ఆగి,
మొగుడి చెవి పక్కనుంచి పోయి
పొయ్యి దగ్గర టప్పుమంది.
దెజో గడ్డం కింద పసుపు వెలుగు పడింది.
పెళ్ళయి ఆరేళ్ళలో
ఆ గడ్డం కింద మచ్చ ఉన్నట్టు
అప్పుడే చూసిందట.
ఆ తర్వాత నలభై ఏళ్ళ కాపురంలో
ఎందుకు తిట్టుకున్నారో ఎంత తలుచుకున్నా
ఇద్దరికీ గుర్తు రాలేదు.

లేచి వెళ్ళి ఎనామెల్ మూత తెచ్చింది.
అంచున ఆవగింజంత కన్నం.
"తీసుకెళ్ళు. మీవాళ్ళకి చూసేందుకు ఏదో ఒకటి కావాలిగా."

బోద్నార్ దీపానికెత్తి చూసి, తుప్పు అన్నారు.
సిల్వాషి మైక్రోస్కోపు కింద పెట్టి, కరిగింది అన్నారు.
నేను కన్నానికి కన్ను ఆనించాను:
ఎదురు డాబా మీద
ఈకలు దువ్వుకుంటున్న పావురం.

మొగుడూ పెళ్ళాం ఇద్దరి కంట్లోనూ
ఒకే మరక ఎలా పడుతుంది? అడిగాను.
"ఒక కథని ఇద్దరు నలభై ఏళ్ళు అరగదీస్తే
గుండ్రంగా కాక ఏమవుతుంది?" అన్నారు బోద్నార్.
అదీ నిజమే.
తమ పెళ్ళిరోజున జోరువానని
మా అమ్మా నాన్నా ఒట్టేసి చెబుతారు.
ఫొటోలో అందరూ ఎండకి కళ్ళు చిట్లించి ఉన్నారు.

గురువారం సిల్వాషి పిలిచారు.
నల్లద్దాలు పెట్టుకుని గోడవారన నిలబడ్డాం.
బోద్నార్ కూడా వచ్చారు, టీ కప్పుతో.
స్విచ్చి. చిటపట.
బంగారు చుక్క ఒకటి బల్ల మీద దొర్లి,
గెంతి, వైరుని చుట్టి వచ్చి,
పోయింది.
"చూశారా!"
బోద్నార్ తలెత్తారు.
కప్పులో చెంచా ఇంకా తిరుగుతోంది.
"ఏది?"

కెమెరాలో ఉంది. నాలుగుసార్లు వేసి చూశారాయన,
నాలుగోసారి అద్దాలు తుడుచుకుని మరీ.
"బాగుంది. కానీ ఇది మీరు చేసింది.
ఆవిడ వంటింట్లోకి వచ్చింది ఇదే అని ఎవరన్నారు?"
సిల్వాషి ఏమీ అనలేదు.
అదీ నిజమే కనక.

సాయంత్రం ఎటెల్కా ఫారం ఎక్కించడానికి కూర్చున్నాను.
సెకన్ల గడిలో "సగం తిట్టు" అని కొట్టాను.
కంప్యూటర్ ఒప్పుకోలేదు, అంకె కావాలంది.
లోపల్లోపల ఓ తిట్టు మొదలుపెట్టి, సగంలో ఆపి,
మూడు, అని వేశాను.
పన్నెండో గడి దగ్గర
చాలాసేపు కూర్చున్నాను.

మూత నా బల్ల మీదే ఉంది.
వచ్చేవారం బస్సెక్కి తిరిగిచ్చి రావాలి.
ఆ కన్నం ఉండబట్టే
ఇన్నేళ్ళుగా సూపు పొంగిపోలేదట.
గేటు దాకా వచ్చి చెప్పింది.
దానికి ఫారంలో గడి లేదు.