మోలో లెక్కలోకి వస్తుందా?

ఇలోఇలోలో మా వార్డుకి
ఎక్కడా రాసిపెట్టని రూలొకటుంది:
డ్యూటీలో పాన్సిట్ తినకూడదు.
పొడుగాటి సేమియా అది. తింటే
పేషెంట్లు కూడా అలాగే
తెగకుండా వస్తారట.

"ఈ రాత్రి నెమ్మదిగా ఉంది" అని కూడా అనకూడదు.
పోయిన నెల జోవెలిన్ నోరు జారింది.
అరగంటకి జీప్నీ బోల్తా, పదకొండు మంది.
అప్పట్నుంచి ఆవలించాలన్నా నా మొహం వంక చూస్తుంది.

ఇవాళ రెనాన్ పుట్టినరోజు.
వాళ్ళమ్మ పెద్ద ఫ్లాస్కు నిండా పాన్సిట్ మోలో పంపింది.
పేరులో పాన్సిట్. లోపల ఒక్క పోగు లేదు:
పంది కీమా పొదిగిన పిండి మూటలు,
పొగలు కక్కే చారు, పైన వేగిన వెల్లుల్లి.

మరి ఇది లెక్కలోకి వస్తుందా, రాదా?

అందరికీ అక్క, మనాంగ్ డిగ్నా, ముప్పై ఏళ్ళ సర్వీసు.
"పేరంటూ పడ్డాక తప్పించుకోలేదు" అంది.
"పోగే లేనప్పుడు పాపమెక్కడిది?" రెనాన్ వాదన.
ఇన్‌ఛార్జిని నేను. తీర్పు నాది.
నోరు తెరిచేలోగా ఏడో మంచం ఆయన భార్య
సెలైన్ ఆగిందని పరిగెత్తుకొచ్చింది.

మంచాలు నలభై ఆరు. మనుషులు డెబ్బై ఒకరు.
మేం నలుగురం.
గోడమీద ఫ్రేములో ఒక నర్సుకి పన్నెండుగురని ఉంది.
ఆ ఫ్రేముకి దుమ్ము తుడిచేదీ మేమే.
గేటు దగ్గర మమ్మల్ని వీరులన్న బ్యానరు
వానలకి రంగుపోయి, ఒక కొస ఊడి వేలాడుతోంది.
వీరులకి పాసొస్తుందని
అందులో ఎవరూ రాయలేదు.
ఎనిమిదింటికి వెళ్ళాలనుకున్నాను.
ఇప్పుడు రెండున్నర.

ఓవర్‌టైము ఫారం మూడు కాపీలు.
'కారణం' అన్నచోట అంగుళం జాగా.
పోయినసారి "పేషెంటు ఇంకా బతికే ఉన్నాడు" అని రాశాను.
వివరంగా రాయమని తిప్పి పంపారు.

పంతొమ్మిదో మంచం. గిమారాస్ మామిడితోటల్లో కూలి.
గొంతులో గొట్టం ఉంది, దానికి తగిలించే మెషీను లేదు.
నిన్న మధ్యాహ్నం నుంచి కూతురే అంబు బ్యాగు నొక్కుతోంది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, నొక్కు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, నొక్కు.
పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంటే
దూరం నుంచి చూసేవాళ్ళు ప్రార్థన అనుకుంటారు.
"కాసేపు నడుం వాల్చు" అని బ్యాగు అందుకున్నాను.
నేలమీద అట్టముక్క పరుచుకుని
పూర్తిగా ఒరగకముందే నిద్రపోయింది.

ఒక చేత్తో ఆయన ఊపిరి.
రెండో చేత్తో చార్టు.
ఇలా చేయకూడదని ట్రైనింగులో చెప్పేది నేనే.

అక్కణ్ణుంచి జోవెలిన్ కనిపిస్తోంది, సింకు దగ్గర.
అరచేతిలో జర్మన్ మాటలు రాసుకుంటుంది:
నొప్పి. ఎక్కడ. ఎప్పట్నుంచి.
ప్రతి పేషెంటు తర్వాతా చేతులు కడుగుతుంది, చెరిగిపోతాయి.
జేబులోంచి పెన్ను తీసి మళ్ళీ రాసుకుంటుంది.
నాకు తెలుసని తనకి తెలీదు.
ఎప్పుడెళ్తున్నావని నేనడగను.
అడిగితే అది కూడా
నెమ్మదిగా ఉందనడం లాంటిదే.

నాలుగుంపావుకి ఆ కూతురు ఉలిక్కిపడి లేచింది.
"ఎన్ని పోయాయి?"
"ఒక్కటీ పోలేదు."
అబద్ధం కాదు. ఒకచోట నాకు అంకె తప్పింది, అంతే.

కాఫీ కప్పులో నాలుగు మూటలు వేసి పక్కన పెట్టాను.
చల్లారిపోయాయి.
కుడిచేత్తో నొక్కుతూ ఎడంచేత్తో తింది,
నాలుగు లెక్కపెట్టే వ్యవధిలో ఒక ముద్ద.
మనాంగ్ డిగ్నా చూసింది. ఏమీ అనలేదు.
తనే వచ్చి ఇంకాస్త చారు పోసింది.

కింద అంబులెన్సు గేటు మలుపు తిరిగిన చప్పుడు.
రెనాన్ నా వంక చూశాడు.
"తినకపోయినా వచ్చేదేలే" అంటూనే
ఫ్లాస్కు మూత గట్టిగా బిగించాను.