సగం చుట్టు

పాకాల చెరువు మీద
నా పడవకు పదకొండేండ్ల సంది ఒక రోగం.
చక్రం సగం చుట్టు తిప్పినా
ఎనుక ఇంజన్‌కు ఆ మాట చేరదు.
మిగిలిన సగంలనే దానికి ఇనపడుతది.
అందుకే ఒడ్డు రాకముందే ఒడ్డుకు తిప్పేటోణ్ణి,
మొద్దు కనపడకముందే మొద్దును తప్పేటోణ్ణి.
కొత్తగ ఎక్కినోళ్లు అడుగుదురు:
ఓదెలన్నా, నీళ్ల లోపల ఏమున్నదో నీకెట్ల ఎరుక?
ఎరుక కాదు బిడ్డా,
లూజు.

మొన్న దసరా తెల్లారి
చక్రం అసలే తిరుగలే.
చెరువు నడుమ పన్నెండు మంది, ఒక చంటిపోరడు.
తెడ్డుతోని నెట్టుకుంట నెట్టుకుంట వచ్చిన.
వాళ్లెవరూ భయపడలే, వాళ్లకు అదొక ముచ్చట,
ఫోటోలు దిగిన్రు.
ఒడ్డుకు వచ్చినంక
నా మోకాళ్లే ఒణికినయ్.

నర్సంపేట నుంచి యాకూబ్ వచ్చిండు.
బోరు మోటార్లు బాగుచేసే చెయ్యి,
పడవల కాలు పెట్టుడు ఇదే మొదలు.
చెప్పులు ఇడిచిండు, సెల్లు నా చేతికిచ్చిండు,
"నాకు ఈత రాదే" అన్నడు మెల్లగ.
పడవ ఇంకా బురదలనే ఉన్నది.
నేను నవ్వలే.

ఇంజన్ మెడ కింద ఇనుప గొట్టం,
దాని లోపల కేబుల్ కొస.
ఎన్నడో పూసిన గ్రీజు మట్టయి, మట్టి రాయయి,
గొట్టంలనే పుట్టినట్టు అతుక్కున్నది.
కిరసనాయిలు పోసినం. డీజిల్ పోసినం.
రాత్రంత నాననిచ్చినం.
తెల్లారి కడ్డీ ఆనిచ్చి సుత్తెతోని
ఒకటి, పది, నలభై.
నలభైకి రాలే.
చాయ్ తాగొచ్చి, ఏదో మాట్లాడుకుంట
యాకూబ్ కొట్టిన ఒక ఉత్త దెబ్బకు
ఎంట్రుకంత కదిలింది.
అప్పుడు వాని నోట్లెకెళ్లి వచ్చిన మాట
ఇక్కడ రాయను.

గుంజి కట్ట మీద పరిచినం.
తోలు పగిలి, నడుమ తుప్పు ఉబ్బి,
ఎండ కాగుతున్న జెర్రిపోతు లెక్క పండుకున్నది.
పన్నెండు మంది పానం
ఇన్నేండ్లు దీని కొసకేనా నేను కట్టింది?

చక్రం కాడ నుంచి ఇంజన్ దాకా
పడవ పక్కపొంటి తాడు పట్టి కొలిచి ముడేసినం.
హైదరాబాద్ దుకాణపాయన ఫోన్ల కసిరిండు:
"ముళ్లు గాదు, అడుగులు చెప్పు."
మూడో నాడు బస్సు పార్శిల్‌ల వచ్చింది,
చక్రం ఎనుక బిగించే డబ్బా, పద్నాలుగడుగుల కొత్త కేబుల్,
సలికి చుట్టుకున్న కుక్కపిల్ల తీరు.
"వంపు పెద్దగుండాలె" అన్నడు యాకూబ్,
"మడిచినవా, సచ్చిందే."
గొట్టం నిండ గ్రీజు, నట్టు మీద నట్టు.

నీళ్లలకు దింపినం.
తూము కాడ, అలవాటు చొప్పున,
సగం చుట్టు ముందే తిప్పిన.
పడవ ఇన్నది.
మొత్తం ఇన్నది, అప్పుడే ఇన్నది.
సర్రున పోయి తుంగల ముక్కు దూర్చింది.
నీటికోళ్లు లేచినయ్.
యాకూబ్ పిడికిట్ల నా బనీను.

"జర లూజుంచు యాకూబూ,
సగం వద్దు, పావు చుట్టు."
అత్తరు దుకాణంల గ్యాసునూనె అడిగినట్టు
నా మొఖం చూసిండు.
"బాగుచేసినదాన్ని చెడగొట్టుడు నాకు రాదే.
నీ చేతులకేమన్న స్పానర్ దొరుకుతదేమో చూస్కో."

ఇంట్ల చెప్తె సారక్క నవ్వింది:
"నాతోని గంతే గదా, నేను అడుగకముందే
ఏదో ఒకటి చెప్పేస్తవ్."
పాత కేబుల్‌ను పారేయనియ్యలే,
పెరట్ల బీరపాదుకు కట్టింది.

ఇప్పుడు పొద్దు గూకినంక, జనం పోయినంక,
ఖాళీ పడవ తిప్పుతున్న.
ఒడ్డు వచ్చినంకనే ఒడ్డు.
మొద్దు కనపడ్డంకనే మొద్దు.
మత్తడి దిక్కు నుంచి గాలి వస్తది,
నీళ్లు నల్లగైతయ్.
ఎడమ చెయ్యి నేర్చుకున్నది.
కుడి చెయ్యి ఇంకా
పాత పడవల్నే ఉన్నది.