ఐదు లీటర్ల కొలత

సీలేరు దాటగానే ఫోను మూగబోయింది.
చిత్రకొండ రేవులో ఎవరిదో బియ్యం బస్తా మీద
మూడు గంటలు కూర్చున్నాను.
ఎవరూ లెమ్మనలేదు.
లాంచీ వచ్చాక ఆ బస్తాని నాతోపాటే ఎక్కించారు,
ఇద్దరం ఒకే సంసారం అనుకున్నారేమో.

ఎర్రయ్యమ్మ కోరింది ఒక్కటే:
"ఏమీ తేకు. కుక్కరు గాస్కెట్టు తే.
ఇక్కడ నీళ్లు తప్ప ఏదీ దొరకదు."

నర్సు ట్రైనింగులో దాన్ని ఎర్రీ అనేదాన్ని.
ఇద్దరికీ ఒకటే దువ్వెన, ఒకటే ఇస్త్రీ చీర,
ఎవరికి ఇంటర్వ్యూ ఉంటే వాళ్లకి.
నర్సీపట్నం ఆస్పత్రిలో కాలు విరిగి చేరిన
ఖిలో సదాశివకి కట్టు కట్టింది.
కట్టు విప్పిన నెలకి
అతని వెనకాలే సరిహద్దు దాటేసింది.
పదకొండేళ్లు.
నేను వస్తానంటూనే ఉన్నాను.

మొదటి రోజు
గుమ్మం రెండుసార్లు నుదుటికి తగిలింది.
మూడోసారి వంగాను.
గిన్నెలు తోమబోతే లాక్కుంది.
కూర్చుంటే, "ఏటే, దొరసానిలా?" అంది.
మండియా జావ బాగుందన్నాను.
ఇంకో గిన్నెడు పోసింది.
అబద్ధానికి అది సరైన శిక్షే.

దాని కూతురు బుధబారికి ఏడేళ్లు,
నాకు ఒడియా పంతులమ్మ.
"మళ్లీ లాంచీ ఎప్పుడే?" అని సైగ చేశాను.
"కాలి," అంది.
ఖాళీగా వస్తుందా అన్నాను.
ఇల్లంతా నవ్వింది.
కాలి అంటే రేపట.
కాలి అంటే నిన్న కూడానట.
మరి ఏదని ఎలా తెలుస్తుంది?
"లాంచీ వస్తే తెలుస్తుంది," అన్నాడు సదాశివ.

రెండో రోజు పడవలో తిప్పాడు.
తెడ్డు ఆపి నీళ్లలోకి చూపించాడు:
ఇక్కడ మా తాత చింతచెట్టు.
అదిగో, ఆ కొంగ వాలినచోట సంత.
డ్యామ్ కట్టినప్పుడు
ఊరు కొండెక్కింది, కొండ దీవి అయింది.
వంతెన కట్టారు గాని
అది అవతలి ఒడ్డుకే.
నేను ఫొటో తీశాను.
వట్టి నీళ్లే పడ్డాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎర్రి కలవరించింది, ఒడియాలో.
ఎవరినో తిడుతోంది, మంచి ధారగా.
ఒక్క ముక్కా అర్థం కాలేదు.
పక్కన పడుకున్నది నాకు తెలిసిన మనిషేనా అని
లాంతరు ఎత్తి చూశాను.
నోరు తెరుచుకుని పడుకోవడం మాత్రం మారలేదు.

తెల్లారి జడ అల్లించుకుంటూ
"ఒసే గుంటా, గోజుపోకే," అంది.
గోజు!
ఆ మాట విని ఎన్నేళ్లయింది?
విశాఖలో అద్దెకి చేరాక, హెడ్‌నర్సు అయ్యాక
ఒక్కొక్కటే వదిలించుకున్నాను అలాంటివి.
మా అమ్మ మాటలు, హాస్టల్ మాటలు
ఇక్కడ దీని నోట్లో
ఉప్పులో పెట్టినట్టు ఉన్నాయి.
పరాయి దేశం వెళ్లింది ఎవరమో
అడగబోయి ఊరుకున్నాను.

మూడో రోజు కుక్కరు తీసింది, ఆర్భాటంగా.
గాస్కెట్టు చిన్నది.
మూడు లీటర్లది తెచ్చాను.
రెండు చేతులా సాగదీసింది, వేన్నీళ్లలో వేసింది,
సదాశివ మోకాలితో తొక్కి చూశాడు.
ఆవిరి పక్కలనుంచి పోతూనే ఉంది.
నాకు ఏడుపొచ్చింది, రబ్బరు ముక్కకి.
"పోనీయే, ఎన్నాళ్లుగానో కుండలోనే వండుతున్నాం,"
అని నా వైపు చూడకుండా బియ్యం కుండలోకి వంచింది.

తర్వాత వలదారం తెచ్చి
మూత అంచు చుట్టూ తిప్పింది,
కలిసినచోట పంటితో కొరికింది.
ఆ దారం నా మణికట్టుకి నాలుగు చుట్లు వచ్చింది.
"ఈసారి దీంతో కొలిపించు."

రేవుకి వెళ్లాం. గాలి లేచింది, లాంచీ రాలేదు.
బుధబారి నా సంచీ మోసుకుంటూ
వెనక్కి, ఇంటి వైపు నడుస్తోంది.
"కాలి," అంటోంది,
నన్ను కాదు, సంచీని ఊరడిస్తున్నట్టు.