తెప్ప తగలేసే పని

వంతెన తెరిచిన మర్నాడు
నాకొచ్చిన పని ఒక్క వాక్యం:
"హెల్లెవిక్ దారులు రౌటర్లోంచి తీసెయ్."
కింద ఒడ్వార్ పేరు, ఒక నవ్వు బొమ్మ.

ఏరు దాటాక తెప్ప తగలేయడం
మా ఆఫీసులో ఒక ఉద్యోగం.
జీతం కూడా ఇస్తారు.

మోల్దేలో నవంబరు. మూడున్నరకే చీకటి.
తెర మీద పదకొండు వరుసలు:
పడవ వేళలకు, టికెట్లకు, కార్లకు, సైకిళ్ళకు,
గొర్రెల లారీకి విడిగా ఒకటి,
అదెవరు రాశారో, ఏ వేసవి కోసమో.

మొదటిసారి తొందరపడ్డాను.
జాబితా మీద నడుస్తూనే
జాబితాలోంచి తీశాను.
ఎక్కుతున్న నిచ్చెన మెట్టు ఊడబీకితే
జావా ఊరుకుంటుందా?
ముప్పై ఏడు వరుసలు ఎర్రగా తిట్టి
కూలబడింది.

రెండోసారి, తీయవలసినవన్నీ
పక్కన రాసుకుని, నడక ఆపి, అప్పుడు తీశాను.
సర్వర్ లేచింది. పరీక్షలన్నీ పచ్చగా.
ఇంటికెళ్ళి చేపల పులుసు తిని పడుకున్నాను.

తెల్లారి లాగ్ చూస్తే
నిమిషానికోసారి ఎవరో
/వేళలు/హెల్లెవిక్ అని అడుగుతున్నారు.
దారి లేదు కదా, జారి జారి
అట్టడుగున, ఏదొచ్చినా పట్టే దారిలో పడుతున్నారు.
అది వాళ్ళనెవరనుకుందో
"స్వాగతం! మీ ప్రయాణం ఎక్కడికి?" అంటోంది.
రాత్రంతా. తొమ్మిది వందల అరవై సార్లు.

"రేవులో బోర్డు అది," అంది ఎల్డ్‌బ్యోర్గ్.
ముప్పై ఏళ్ళు ఆ పడవలో టికెట్లు చింపి
ఇప్పుడు కింది అంతస్తులో ఫోన్లు తీస్తుంది.
"కరెంటు పీకడం ఎవరికీ గుర్తు లేదు."

తాళ్ళు లేని ఇనుప గుంజలు,
ఉప్పు పట్టిన గాజు పలక,
దాని వెనక వెలుగుతూ ఒక యంత్రం:
తర్వాతి పడవ ఎప్పుడు?

నాలుగొందల నాలుగు పంపితే చాలన్నాడు ఒడ్వార్.
దొరకలేదని.
అక్షరం తప్పు కొట్టినవాడికీ అదే మాట,
ఎన్నడూ లేనిదానికీ అదే మాట.

నేను తీసిన చోటే
ఒక వరుస మళ్ళీ పెట్టాను: నాలుగొందల పది.
ఉండేది. వెళ్ళిపోయింది.
పదకొండు తీయమంటే పది తీశావేమన్నాడు.
పదకొండూ తీశాను,
తీశానని చెప్పడానికి ఒకటి కావాలిగా అన్నాను.

"ఇప్పుడు బోర్డు మీద ఏం కనిపిస్తుంది?"
ఎల్డ్‌బ్యోర్గ్ అడిగింది.
ఏమీ లేదు, నల్లగా ఉంటుందన్నాను.
ఆదివారం కారులో వెళ్ళి చూస్తానంది.
వంతెన మీంచి రేవు కనబడదట.