నాలుగో కారణం

నల్లగొండ రీజియన్ ఆఫీసు నుంచి
నలభై టికెట్ మిషన్లు, నలభై చార్జర్లు,
పదహారు స్లైడ్లు పట్టుకొని
దేవరకొండ డిపోల దిగిన.
అట్టపెట్టెలు దించుతుంటే
రెస్ట్ రూం కిటికీల నుంచి ఎవరో అన్నరు:
"వచ్చిన్రు, మన బొటనవేళ్లు అడగనీకి."

తొమ్మిదో స్లైడు మీద రాసుకొచ్చిన
కొత్తదాన్ని ఎందుకు వద్దంటరో:
భయం. బద్ధకం. అలవాటు.
ఫ్యాను గాలికి తెర పొట్ట ఉబ్బుతుంటే
అలవాటు ఒకసారి లావయితుంది, ఒకసారి సన్నగయితుంది.
వెనుక బెంచీల ఎనగండ్ల బుగ్గయ్య చెయ్యెత్తిండు.
ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసు,
టికెట్ల రంగు గోర్ల కిందికి దిగిన చెయ్యి.
"నాలుగోది మరిచినట్టున్నరు మేడం."
ఏందది అంటే చెప్పలే.
బండికి టైమయిందని
ట్రే చంకల పెట్టుకొని లేచిండు.

సాయవ్వ మాత్రం అప్పటికే మిషను విప్పి
కాగితం చుట్ట ఎక్కిచ్చుకుంటున్నది.
"పంచి కొట్టీ కొట్టీ నా మణికట్టు చూడున్రి,
వీళ్లకేం, మీసాలున్నయి, వద్దంటరు."
అందరు నవ్విన్రు.
నేను ఆ నవ్వును
అంగీకారం గడిల రాసుకున్న.

వారం తిరిగేసరికి పదకొండు మిషన్లు
ఖరాబైనయని స్టోరుకు వాపసొచ్చినయ్.
రెండింటికి బ్యాటరీయే లేదు.
ఒకదాంట్ల చీమలు.
మెమోలు టైపు చేయిస్తనన్నడు డిపో మేనేజరు.
ఒక్క రాత్రి ఆగున్రి సార్ అని
చందంపేట దిక్కు నైటౌట్ బండెక్కిన.

మేకపిల్ల, ఎరువు సంచులు,
ఆస్పత్రి నుంచి తండాకు పోతున్న బాలింత.
దీపం ఒక్కటే ఎలుగుతున్న బస్సుల
ఒక ముసలామె చిల్లర లెక్కవెట్టుకుంట
"కంపచెట్ల మలుపు" అన్నది.
మిషన్ల చూసిన. మలుపు లేదు.
దానికి ఇవతలి స్టేజీ ఉన్నది, అవతలి స్టేజీ ఉన్నది,
నడుమ ఐదు రూపాయలున్నయ్.
ఆమె పిడికిట్ల ఆ ఐదు లేవు.
బుగ్గయ్య పాత ట్రేల నుంచి
ఇవతలి స్టేజీ టికెట్టు చింపిచ్చిండు,
ఇరవై ఏండ్ల సంది ఇస్తున్నట్టే.

రూలు కాదది, నాకూ తెలుసు.
"ఈమెను ఆటోకు పోనియ్యకుండ పట్టుకున్న లెక్క మేడం ఇది,"
అన్నడు చిల్లర సంచి బిగిస్తూ,
"భయమే, కాదన.
దేనికి భయమో అడిగితిరా?"

నాలుగో కారణం నేను మళ్ల అడగలే.
తొమ్మిదో స్లైడు ప్రింటు తిరగేసి
పెన్సిలు ఆయన చేతికిచ్చిన.
మోట బాయి. కూలిన కల్వర్టు.
ఎర్రమట్టి దిగుడు. సున్నపు బట్టి గేటు.
నైటౌట్ గదిల దోమల నడుమ, డ్రైవరు గురకల నడుమ
కోడి కూసేసరికి ఇరవై మూడు ఊర్లు కాని ఊర్లు
కాగితం మీదికొచ్చి కూసున్నయి.
భయం, బద్ధకం, అలవాటు
వెనుక పక్క నుంచి మసక మసకగ కనవడుతున్నయ్.

పట్నం పంపిన. మూడు నెలలు జవాబు లేదు.
ఈలోపు ఇద్దరికి మెమోలు రానే వచ్చినయ్.
ఖాజా మొయినుద్దీన్ పంచి టేబులు మీద పెట్టి,
సలాం కొట్టి, బస్టాండు ముంగట సోడా బండి పెట్టుకున్నడు.
ఆయనకు చెప్పనీకి నా దగ్గర ఏ స్లైడూ లేకుండె.
పోయినప్పుడల్ల ఒక గోళీ సోడా తాగుత,
పైసలు తీసుకోడు, మిషను ఊసెత్తడు.

కార్తీకంల కొత్త లిస్టు ఎక్కింది.
మళ్ల అదే బండి, అదే చిల్లర పిడికిలి.
బుగ్గయ్య కండ్లద్దాలు ముక్కు చివరికి జార్చి
ఒక్కో బటనుకు ఒక్కో ఊపిరి వట్టి నొక్కిండు.
మిషను సన్నగ కీచుమన్నది.
"అచ్చయిందా మా మలుపు?" అని అడిగింది ముసలామె.
స్టేజీ పేరుకు మిషన్ల జాగ తక్కువ.
"కంపచెట్ల" దగ్గర్నే తెగింది టికెట్టు.
బుగ్గయ్య నా దిక్కు చూసిండు, నేను కిటికీ దిక్కు చూసిన.
"అయింది అవ్వా" అన్నడు.
స్టీరింగు ఎడమకు తిరిగింది.