మూడు రూపాయల పదిహేను పైసలు

సోంపేట సబ్ ట్రెజరీలో
నా బల్ల మీద ఎప్పుడూ రెండు దొంతరలు.
పాసైన బిల్లులు, తిప్పి పంపాల్సినవి.
ఇరవై ఆరేళ్లుగా ఎర్ర సిరాతో
వాటి మధ్య కాపలా కాస్తున్నాను.

మొన్న చెదలు పట్టిందని రికార్డు గది ఖాళీ చేస్తుంటే
అటెండరు తవిటినాయుడు ఒక కట్ట నా ముందు పడేశాడు.
పురికొస ముట్టుకోగానే తెగింది.
సాంఘిక సంక్షేమ హాస్టలు, బాలురు, కంచిలి.
భోజన ఖర్చు, ఆగస్టు, ఎనభై ఏడు.
పిల్లలు అరవై ముగ్గురు.
తలకి రోజుకి మూడు రూపాయల పదిహేను పైసలు.

ఆ అరవై ముగ్గురిలో ఒక తల నాది.

పేరు లేదు, అంకె ఉంది.
అంకెలో నా సొట్ట కంచం ఉంది,
నీళ్ల సాంబారులో తేలే ములక్కాడ ముక్క,
ఆదివారం గుడ్డుని దారంతో రెండుగా కోసే
వంటమనిషి నీలయ్య చెయ్యి,
ఒక దుప్పటి కింద ముగ్గురి ఊపిరి.

అప్పుడు అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది.
రోజంతా కొడితే నాలుగు రూపాయలు.
నా తిండికి మూడుంపావలా దగ్గర దగ్గర తీసేస్తే
ఆవిడకీ చెల్లికీ ఎనభై ఐదు పైసలు.
ఈ తీసివేత బడిలో ఎవరూ చేయించలేదు.

బట్టీ యజమాని కొడుకు లోకనాధం నా ఈడువాడే.
వాడికి వాళ్ల నాన్న ఉన్నాడు.
నాకు ఒక పద్దు ఉంది.
పదో తరగతి పరీక్షకి వాడు బండి మీద వచ్చాడు,
నేను నడిచి.
సమానమైపోయామని అనను.
ఆ మూడు గంటలూ
ఇద్దరం కడుపు నిండే కూచున్నాం, అంతే.

దుబారా అంటారు పేపర్లో.
దుబారా నాకూ తెలుసు:
బడి గోడ లేవకముందే శిలాఫలకానికి నల్ల గ్రానైటు,
ఎవరూ రాని ఊరికి స్వాగత తోరణం.
చిత్రమేమిటంటే
ఆ బిల్లుల్లో ఒక్క సంతకమూ తక్కువుండదు.

తక్కువుండేది మందస కొండ మీది దారి బిల్లులో.
కొలతల పుస్తకంలో ఒక పేజీకి సంతకం లేదు.
తిప్పి పంపాను. రూలు.
మళ్లీ నా బల్ల మీదికి రావడానికి ఆర్నెల్లు పట్టింది.
ఆ వానల్లో సవర జమ్మయ్య పెళ్లాన్ని డోలీలో దించారు.
బిడ్డ దారిలోనే పుట్టిందట.
బతికిందనే అన్నారు.
నేను వెళ్లి చూడలేదు.

ధరలు వాటంతటవే కొండెక్కుతాయి.
రోడ్డు ఎక్కదు.
ఎవరో ఎక్కించాలి.

రికార్డు ఇంటికి పట్టుకెళ్లకూడదు.
పట్టుకెళ్లాను.
"ఏటి రాసుందిరా అందుల?" అంది అమ్మ.
చదివాను.
"మూడ్రూపాయలేనేటి నీమీద?
సెలవులకి నువ్వొస్తే నాను అప్పు సేసేదాన్ని."
కాసేపాగి,
"మరి గవర్మెంటోడు తిరిగి అడగనేదా?"
"లేదమ్మా."
జీడి సొన గీతలన్నీ తినేసిన వేళ్లతో,
రేషను మిషను ఇప్పటికీ గుర్తుపట్టని ఆ వేళ్లతో
కాగితాన్ని అటూ ఇటూ తడిమింది.

ఇవాళ కంచిలి హాస్టలు బిల్లు వచ్చింది.
కోడిగుడ్ల రేటు కొట్టేసి దిద్దారు,
పక్కన పొట్టి సంతకం లేదు.
ఎర్ర పెన్ను మూత తీశాను.
మళ్లీ పెట్టేసి ఫోను తీశాను.

"వార్డెన్ గారూ,
అయిదు లోపల వచ్చి సంతకం పెట్టి వెళ్లండి.
నేను ఉంటాను."